సీటీ నార్మల్ అన్నారు, మళ్లీ ఈఈజీ, ఎమ్మారై ఎందుకు?

ప్రశ్న (పొదిలి నుంచి):
మా అక్క కొడుక్కి 16 ఏళ్లు. పోయిన వారం నిద్రలో ఫిట్స్ వచ్చాయి. ఒంగోలు తీసుకెళ్తే వెంటనే తలకు సీటీ తీసి నార్మల్ అన్నారు. ఇప్పుడు న్యూరో డాక్టర్ ఈఈజీ, ఎమ్మారై రెండూ రాశారు. సీటీలో ఏమీ లేదన్నాక ఇవెందుకని బావ అంటున్నాడు. పెట్ స్కాన్ ఒక్కటి తీయిస్తే అన్నీ తెలిసిపోతాయని ఇంకెవరో చెప్పారట. అక్క టెన్షన్‌తో సరిగ్గా అన్నం కూడా తినడం లేదు.

జవాబు (నెల్లూరు, స్కానింగ్ టెక్నీషియన్):
రెండూ చేయించండన్నా. సీటీ అంటే ఎక్స్‌రేలతో తీసేది, నిమిషాల్లో అయిపోతుంది. రక్తస్రావం, పుర్రె ఎముక చిట్లడం, పెద్ద గడ్డలు బాగా తెలుస్తాయి. ఎమర్జెన్సీలో ముందు అదే తీసేది అందుకే. కానీ ఫిట్స్ తెప్పించే చిన్న మచ్చలు, పుట్టుకతో వచ్చిన తేడాలు అందులో చాలాసార్లు దొరకవు. వాటికి ఎమ్మారైయే కావాలి. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, రేడియేషన్ ఉండదు. చీటీలో ఎపిలెప్సీ ప్రోటోకాల్ అని రాశారేమో చూడండి, లేకపోతే డాక్టర్‌ని అడగండి. అలా రాస్తే ఫిట్స్ ఎక్కువగా మొదలయ్యే చోట్లను మరింత సన్నగా తీస్తారు.

పెట్‌కి ఇప్పుడు పరుగెత్తొద్దు. రేడియోధార్మిక గ్లూకోజ్ ఎక్కించి, మెదడులో ఏ భాగం ఎంత వాడుకుంటోందో చూసే పరీక్ష అది. ఫిట్స్ కేసుల్లో మందులకు లొంగక ఆపరేషన్ ఆలోచించేటప్పుడు పనికొస్తుంది.

పొదిలి:
ఈఈజీలో షాక్ పెడతారని అక్క భయం అన్నా.

నెల్లూరు:
అస్సలు పెట్టరు. 1924లో జర్మనీ డాక్టర్ హాన్స్ బెర్గర్ మనిషి మెదడు తరంగాలను మొదటిసారి నమోదు చేసినప్పటి నుంచీ పద్ధతి ఒకటే, మెదడులో పుట్టే కరెంటునే తల మీద నుంచి చదువుతారు. సీటీ, ఎమ్మారై మెదడు ఆకారం చూపిస్తే, ఇది పనితీరు చూపిస్తుంది. ఒకసారి నార్మల్ వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదనుకోవద్దు. తీసే ఆ కాసేపట్లో తేడా బయటపడకపోవచ్చు.

జవాబు (కావలి నుంచి):
మా పాపకు ఈ పరీక్షలన్నీ చేయించాం. ఈఈజీకి ముందు షాంపూతో తలంటు పోసి, నూనె చుక్క కూడా లేకుండా తీసుకెళ్లండి. జిడ్డుంటే వైర్లు సరిగ్గా అతుక్కోవు. రాత్రి నిద్ర తగ్గించి రమ్మంటే అలాగే చేయండి. నిద్రమత్తులో తేడాలు బాగా బయటపడతాయట. గట్టిగా ఊపిరి తీయమంటారు, కళ్లముందు లైటు మిణుకుమిణుకుమనిపిస్తారు, అంతే. ఫిట్స్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఎమ్మారై గదిలోకి వెళ్లేముందు తాయెత్తు, వెండి మొలతాడు తీయించండి. మా పాప మొలతాడు ముడి గట్టిపడిపోయి, అక్కడ కత్తెర కోసం వెతుక్కున్నాం. ఒంట్లో రాడ్డుగానీ క్లిప్పుగానీ ఉంటే ముందే చెప్పాలి. మిషన్ చప్పుడు గట్టిగా వస్తుంది, అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి.

నెల్లూరు:
ఇంకొకటి. మళ్లీ ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయాలి, మొదట ఏ చెయ్యి కొట్టుకుందో కనపడేలా. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. డాక్టర్ దగ్గరికి రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ సీడీ, ఆ వీడియో కూడా తీసుకెళ్లండి.