స్టాటిక్ పిలుపులో ‘దిస్’ ఎవరిది?

ప్రశ్న (ఒంగోలు):
చీమకుర్తిలోని ఒక గ్రానైట్ యార్డు కోసం ఎప్పుడో పీహెచ్‌పీ (వెబ్ ప్రోగ్రాములు రాసే భాష) 5లో రాసిన బిల్లుల ప్రోగ్రామును నేను ఇప్పుడు 8కి మారుస్తున్నాను. ‘బిల్లు’ క్లాసు (ఆబ్జెక్టులకు నమూనా) లోని ‘మొత్తం’ అనే మామూలు మెథడ్‌ను (ఆబ్జెక్టు చేసే పనిని) ఆబ్జెక్టు సృష్టించకుండా, క్లాసు పేరు, జంట కోలన్లతో నేరుగా పిలిచారు. ఇన్నాళ్లూ నడిచిన ఆ వరుస దగ్గర ఇప్పుడు ఎర్రర్ వస్తోంది. మెథడ్ ముందు ‘స్టాటిక్’ (ఆబ్జెక్టు లేకుండా పిలవవచ్చనే గుర్తు) అని చేరిస్తే సరిపోతుందాండీ?

జవాబు (కావలి):
లోపల ‘దిస్’ (ఏ ఆబ్జెక్టు మీద పిలిచామో దాన్ని సూచించే పదం) వాడకపోతే సరిపోతుందండీ. ఇలాంటి పిలుపులకు 7.0లో ‘ఇక వాడవద్దు’ అనే హెచ్చరిక వచ్చి, 2020లో వచ్చిన 8.0లో అది పూర్తి ఎర్రర్‌గా మారింది.

జవాబు (నెల్లూరు):
తొందరపడి చేర్చకండి. పీహెచ్‌పీ 5లో ఇలాంటి పిలుపు వేరొక ఆబ్జెక్టు మెథడ్ లోంచి వెళ్తే, పిలిచినవారి ‘దిస్’ లోపలికి వచ్చేది. అంటే ‘లారీ’ ఆబ్జెక్టు నుంచి పిలిస్తే, ‘బిల్లు’ మెథడ్‌లో ‘దిస్’ అన్నది లారీయే. రెండు క్లాసుల్లోనూ ‘బరువు’ ఉంటే రాయి బరువుకు బదులు లారీ బరువు లెక్కలోకి వచ్చి, ఎర్రర్ ఏదీ లేకుండానే బిల్లు తప్పేది. ఈ అరువు వ్యవహారాన్ని 7.0లో తీసేశారు, నా దృష్టిలో ఆలస్యంగానే తీసేశారు. అన్నట్టు, ‘పేరెంట్’ (మాతృ క్లాసును సూచించే పదం) పక్కన జంట కోలన్లు కనిపిస్తే వాటిని మార్చవద్దు, అక్కడ ఆబ్జెక్టు అలాగే అందుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. ‘మొత్తం’ లోపల ‘దిస్’ మూడుచోట్ల ఉంది, కాబట్టి ‘స్టాటిక్’ చేర్చకుండా ముందు బిల్లు ఆబ్జెక్టును సృష్టించి, దాని మీదే పిలుస్తున్నాను.