పాత వంతెన డెక్ స్థానంలో ప్రీకాస్ట్ పలకలు: అతుకులు నిలుస్తాయా?

కొత్తవారధి (ప్రశ్న):

మా పర్యవేక్షణలో ఉన్న ఒక రహదారి వంతెనకు డెక్ స్లాబు (వాహనాలు నడిచే పై కాంక్రీటు పొర) మార్చవలసిన స్థితి వచ్చింది. 25 మీటర్ల స్పాన్లు మూడు. ఒక్కొక్క స్పానులో 2.6 మీటర్ల ఎడంతో నాలుగు ఉక్కు గర్డర్లు (స్లాబును మోసే పొడవాటి దూలాలు). మొత్తం వెడల్పు 10 మీటర్లు. స్లాబు మందం 220 మి.మీ. గర్డర్లకు అక్కడక్కడ రంగు లేచిపోయిందే తప్ప తుప్పు లోతుకు దిగలేదు. స్లాబు సంగతి వేరు. గొలుసు ఈడ్చి వింటే దాదాపు సగం చోట్ల డొల్ల చప్పుడు వస్తోంది, హాఫ్‌సెల్ రీడింగులు చాలా మేర మైనస్ 350 మిల్లీవోల్టులు దాటిపోయాయి (అంటే లోపలి కడ్డీలు తుప్పు పడుతుండే అవకాశం ఎక్కువ), అడుగున పెచ్చులూడి కడ్డీలు బయటపడ్డాయి. ఇంకా ప్యాచులు వేసుకుంటూ పోవడంలో అర్థం లేదని తేల్చుకున్నాము.

రాకపోకలను పూర్తిగా ఆపే వీలు లేనందువల్ల సగం వెడల్పు తెరిచి ఉంచి, మిగతా సగంలో పాత స్లాబు తీసి ప్రీకాస్ట్ పలకలు (ముందే పోసి తెచ్చినవి) పరచాలని ఆలోచన. పలకల నాణ్యతపై నాకు సందేహం లేదు. నన్ను వేధిస్తున్నది వాటి మధ్య వచ్చే పదుల కొద్దీ అతుకులు. పాత స్లాబు పాడైనదే నీరు లోపలికి దిగి. ఇప్పుడు మనమే చేతులారా అన్ని సందులు పెడుతున్నామేమో అనిపిస్తోంది. ఇటువంటి పని చేసినవారు ఏ దశలో జాగ్రత్త పడాలో చెప్పగలరా?

ఉక్కుదూలం:

మీ భయం సరైన చోటనే ఉంది. కర్మాగారంలో పోసి, వారాల తరబడి క్యూరింగ్ చేసి తెచ్చిన పలకలో కుంచించుకుపోవడం చాలావరకు ముందే జరిగిపోతుంది కాబట్టి, గర్డర్ల మీద పోసిన స్లాబులో కనిపించే అడ్డ పగుళ్ళు దానిలో అరుదు. వంతెన బతుకు పలకల చేతిలో లేదు, అతుకుల చేతిలో ఉంది.

అతుకు వేయడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, పలకల మధ్య సందులను గ్రౌట్‌తో (పలుచని సిమెంటు మిశ్రమంతో) నింపి, వంతెన పొడవునా తంతులు (బలంగా లాగి కట్టే ఉక్కు తీగల కట్టలు) బిగించి అన్ని పలకలనూ ఒకదానికొకటి అదిమి ఉంచడం. నష్టాలన్నీ పోగా అతుకు మీద కనీసం 1.7 మెగాపాస్కల్ ఒత్తిడి మిగలాలన్నది అమెరికా హైవే ప్రమాణాలలో ఉన్న లెక్క. ఇక్కడ క్రమం తప్పితే డబ్బంతా దండుగ. సందులు నింపాలి, ఆ గ్రౌట్ గట్టిపడ్డాక తంతులు లాగాలి, ఆ తరువాతనే గర్డర్ మీది స్టడ్‌ల (గర్డర్‌ను స్లాబుతో కలిపే ఉక్కు మేకుల) కోసం పలకల్లో వదిలిన పాకెట్లు నింపాలి. పాకెట్లు ముందే నింపేస్తే పలకలు గర్డర్లకు అతుక్కుపోయి, మీరు లాగిన బలంలో పెద్ద వాటా గర్డర్లలోకి పోతుంది. అతుకు మీద మిగలవలసిన ఒత్తిడి మిగలదు.

రెండవది, తంతుల జోలికి పోకుండా పలకల అంచుల నుంచి కడ్డీలు బయటికి వదిలి, ఆ సందులో యూహెచ్‌పీసీ (అత్యధిక సామర్థ్యపు కాంక్రీటు) పోయడం. దీనిలో కంకర ఉండదు. సన్నని పొడులు, అతి తక్కువ నీరు, ఘనపరిమాణంలో సుమారు 2 శాతం సన్నని ఉక్కు పోగులు. 150 మెగాపాస్కల్ స్థాయి బలం గల ఈ పదార్థం కడ్డీని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, కడ్డీ చుట్టూ కాంక్రీటు కవర్ తగినంత ఉన్నప్పుడు కడ్డీ వ్యాసానికి 8 రెట్ల పొడవు లోపల ఉంటే చాలు. 16 మి.మీ. కడ్డీకి అది 128 మి.మీ. కనుక 150 నుంచి 200 మి.మీ. వెడల్పు సందుతో పని జరిగిపోతుంది. మామూలు కాంక్రీటైతే ఆ సందు దీనికి మూడింతలు కావలసి వచ్చేది.

మీ వంతెనకు నేను రెండవదే ఎంచుకుంటాను. తంతులు లాగిన డెక్‌లో రేపు ఒక లారీ ఢీకొట్టి ఒక పలక పాడైతే దాన్ని ఒక్కదాన్నే తీయడం గగనమవుతుంది. అయితే యూహెచ్‌పీసీకి రెండు షరతులు. పలక అంచు నున్నగా ఉండకూడదు. పోత పోసేటప్పుడే అచ్చుకు రిటార్డర్ (గట్టిపడడాన్ని ఆలస్యం చేసే మందు) పూసి, తరువాత నీళ్ళ ధారతో కడిగి కంకర తేలేలా చేయాలి, పోసే ముందు ఆ అంచును తడిపి ఉంచాలి. పొడి అంచు నీటిని పీల్చుకుంటే సరిగ్గా అతుకు ముఖం దగ్గరే సన్నని గీత విచ్చుకుంటుంది. రెండవ షరతు, అచ్చు నీళ్ళు కారనంత బిగుతుగా ఉండాలి. ఈ మిశ్రమం పానకంలా పారుతుంది. ఎక్కడ సందు దొరికితే అక్కడ దిగిపోతుంది.

సర్వేగొలుసు:

అతుకుల గురించి పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. నేను కొలతల మనిషిని కాబట్టి ఆ వైపు చెబుతాను. మీ గర్డర్ల మీద పాత స్లాబు పోసినప్పుడు కింద ఆధారాలు పెట్టలేదనుకుంటే, పచ్చి కాంక్రీటు బరువంతా ఒంటరి ఉక్కే మోసి కిందికి వంగి ఉంటుంది. ఆ స్లాబు తీసేసరికి గర్డర్ పైకి లేస్తుంది. 25 మీటర్ల స్పానులో ఇది కొన్ని సెంటీమీటర్లు ఉండవచ్చు, అదీ నాలుగు గర్డర్లకూ ఒకే విధంగా ఉండదు. మీరు సగం వెడల్పే తీస్తున్నారు గనుక రెండు గర్డర్లు లేస్తాయి, పక్కనే ట్రాఫిక్ మోస్తున్న రెండు లేవవు. వాటి మధ్య ఉన్న క్రాస్‌ఫ్రేములు (గర్డర్లను అడ్డంగా కలిపే చట్రాలు) మెలితిరుగుతాయి. ఆ ఒక్క వరుస క్రాస్‌ఫ్రేముల బోల్టులను సడలించవచ్చా లేదా అన్నది డిజైనర్ ముందే తేల్చాలి, ఎందుకంటే స్లాబు పోయాక గర్డర్ పై ఫ్లాంజిని (పైనున్న వెడల్పు పట్టీని) పక్కలకు ఒరగకుండా పట్టుకునేది కూడా ఆ ఫ్రేములే.

అందువల్ల పాత డ్రాయింగు చూసి పలకల కింద హాంచ్ (గర్డర్‌కూ పలకకూ మధ్య గ్రౌట్ నింపే పొర) మందం నిర్ణయించవద్దు. స్లాబు తీసిన తరువాత ప్రతి గర్డర్ పైభాగాన్నీ రెండు మీటర్లకొకసారి లెవెల్ తీసుకోండి. పలకలో గర్డర్‌కు రెండు చొప్పున ఉండే లెవెలింగ్ బోల్టులతో ఎత్తు సరిచేసి, అన్నింటినీ దాదాపు ఒకే టార్కుకు తీసుకురండి. మీ సగం వెడల్పు పలక 2.4 మీటర్ల పొడవుంటే బరువు ఆరున్నర టన్నుల పైచిలుకు. అదంతా ఒక మూల బోల్టు మీద కూర్చుంటే పలక అక్కడే పగులుతుంది. గ్రౌట్ బలం వచ్చాక ఆ బోల్టులను తీసేయడం మరవకండి, లేకుంటే చక్రం బరువు గ్రౌట్ మీదికి కాక బోల్టు మొన మీదికే వెళుతుంది.

పాకెట్లు నింపే పనిని ముందుగా ఒక నమూనా పలక మీద చేసి చూడాలని గట్టిగా చెబుతాను. నేను పనిచేసిన ఒక చోట నమూనా అచ్చు విప్పి చూస్తే, పైనుంచి నిండుగా కనబడిన పాకెట్ పక్కనే, హాంచ్‌లో అరచేయి పట్టేంత డొల్ల బయటపడింది. రెండు పాకెట్లలో ఒకేసారి గ్రౌట్ పోయడంతో మధ్యలో గాలి చిక్కుకుపోయింది. వాలు కింది పాకెట్ నుంచి మొదలుపెట్టి, పై పాకెట్‌లో గ్రౌట్ పొంగి వచ్చేదాకా ఒకే చోట పోసినప్పుడు ఆ సమస్య రాలేదు.

పాతకాపు:

అందరూ ప్రీకాస్ట్ వైపే మొగ్గుతున్నారు కాబట్టి రెండవ పక్షం నేను చెబుతాను. ప్రీకాస్ట్ కొనిపెట్టేది సమయాన్ని. ప్రతి రాత్రీ కొన్ని గంటలే దొరికే చోట అది తిరుగులేనిది: పొటోమాక్ నది మీది వుడ్రో విల్సన్ వంతెన డెక్‌ను 1980ల మొదట్లో తేలిక కాంక్రీటు పలకలతో రాత్రిపూట పనిచేసి, పగలు వాహనాలను వదులుతూ మార్చారు, మాంట్రియల్‌లోని జాక్ కార్టియే వంతెనకూ 2001, 2002 సంవత్సరాలలో ప్రీకాస్ట్ పలకలే వేశారు. మీకు సగం వెడల్పు నెలల తరబడి దొరికే పక్షంలో, సెంట్రింగు కట్టి స్థలంలోనే పోసి, తడి గోనెలతో శ్రద్ధగా క్యూరింగ్ చేసిన స్లాబు తీసికట్టేమీ కాదు, అతుకులూ తక్కువ. వంతెన ఏటవాలుగానో వంపుగానో ఉంటే ప్రతి పలకా ఒక్కో కొలతతో పోయవలసి వచ్చి ప్రీకాస్ట్ లాభం సగం కరిగిపోతుంది.

ఏ పద్ధతి పట్టినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. మీ పాత స్లాబు మధ్య గీత మీద కోస్తే, ట్రాఫిక్ నడిచే సగం రెండవ గర్డర్ దాటి 1.3 మీటర్ల కొమ్ముగా వేలాడుతుంది. స్లాబు వేసిననాడు ఆ భాగం రెండు గర్డర్ల మధ్య నడుమ భాగం; అక్కడ బరువంతా అడుగు కడ్డీలది. ఇప్పుడు పని పై కడ్డీల మీద పడుతుంది, అవేమో మీరు చెప్పిన తుప్పు పట్టినవి. బారియర్‌ను కోత అంచు నుంచి వెనక్కి జరపాలా, కొమ్ము కింద తాత్కాలిక ఆధారం పెట్టాలా అన్నది పలకలకు ఆర్డరు ఇచ్చే ముందే చూడండి. కోసేటప్పుడు రంపం గర్డర్ ఫ్లాంజిని తాకకుండా గర్డర్ల మీద లోతు తగ్గించి ఆపి, మిగిలినది చిన్న బ్రేకర్లతో తీయించండి. ఫ్లాంజి మీద పడిన రంపం గాటు మీ జీవితకాలమంతా ఫటీగ్ (పదేపదే బరువు పడి లోహం అలసిపోవడం) లెక్కలు చేయిస్తుంది.

కొత్తవారధి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. కొమ్ము సంగతి నిజానికి మా లెక్కలలో లేదు. రేపే డిజైనర్ ముందు పెడతాను. మాకు సగం వెడల్పు దొరికేది స్పానుకు రెండు వారాలే కాబట్టి ప్రీకాస్ట్ తప్పదు. ఒక్క సందేహం మిగిలింది. రెండవ సగం పలకలు పరిచాక రెండు సగాల మధ్యలో వంతెన పొడవునా అతుకు పోయాలి. ఆ సమయంలో మొదటి సగం మీద లారీలు నడుస్తూ ఉంటే, గట్టిపడుతున్న పదార్థం కదిలిపోదా?

ఉక్కుదూలం:

కదులుతుంది. ఒక అంచు లారీ కింద వంగి లేస్తుంటే రెండవ అంచు నిశ్చలంగా ఉంటుంది. పట్టు బిగుస్తున్న గంటలలో ఆ తేడాయే కడ్డీల చుట్టూ సన్నని ఖాళీలు చేస్తుంది. ముందు, సడలించిన క్రాస్‌ఫ్రేములను తిరిగి బిగించండి, అప్పుడు రెండు సగాలూ చాలావరకు కలిసి వంగుతాయి. అతుకు మీదుగా అడ్డంగా ఉక్కు చానెళ్ళు వేసి రెండు అంచులనూ బోల్టులతో పట్టి ఉంచండి. పోత రాత్రి మొదలుపెట్టి, మిశ్రమం బిగుసుకునేవరకు ఆ ఒక్క స్పాను మీద వాహనాలను నిలిపివేయించండి. ఆ తరువాత తెల్లవారి వదిలినా బరువు వాహనాలను దూరపు అంచు మీదుగా, వేగం తగ్గించి పంపండి. అతుకు మీదికి చక్రం రానిచ్చేది మాత్రం పరీక్ష క్యూబు 97 మెగాపాస్కల్ చూపించాకనే. ఆ క్యూబులను ల్యాబులో కాక వంతెన మీద అతుకు పక్కనే ఉంచి క్యూరింగ్ చేయించండి. చల్లని రాత్రులలో ఈ రెండింటికీ రోజుల తేడా వస్తుంది.