ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మధ్యలో ఆగింది, ప్రింటర్ ఇక లేవడం లేదు

మోనో లేజర్ ప్రింటర్, రెండు లైన్ల స్క్రీన్ ఉన్నది. నిన్న రాత్రి 9 గంటలకు వైఫై మీదే ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపల ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ పెట్టాను (కేబుల్ పెట్టి చేయాల్సింది, ఇప్పుడు అనుకుని ఏం లాభం). 60 శాతం దగ్గర ఆగిపోయింది. 40 నిమిషాలు చూసి, ఓపిక నశించి స్విచ్ ఆపేశాను.

అప్పటి నుంచి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, ఆరెంజ్ లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. స్క్రీన్ ఖాళీ. రోలర్ల చప్పుడు కూడా లేదు.

ప్లగ్ పీకి అరగంట ఉంచినా, క్యాన్సిల్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేసినా మార్పు లేదు. యూఎస్‌బీ కేబుల్‌తో విండోస్ 11 ల్యాప్‌టాప్‌కు కలిపితే డివైస్ మేనేజర్‌లో మోడల్ పేరు రాదు, 'యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్' అని మాత్రం వస్తుంది. అంటే బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ముందుగా నడిచి ఫర్మ్‌వేర్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) ఇంకా బతికే ఉందని నా ఆశ. కంపెనీ అప్‌డేట్ టూల్ మాత్రం ప్రింటర్ దొరకలేదంటోంది. ప్రింటర్‌ను షేర్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో 'కాపీ /బి' (ఫైల్‌ను ఉన్నదున్నట్టు పంపే కమాండ్)తో ఫర్మ్‌వేర్ ఫైల్‌ను ప్రింటర్‌కు పంపాను. '1 ఫైల్ కాపీ అయింది' అని వచ్చింది, గంట ఆగినా లైటు అలాగే ఉంది.

ఈ స్థితిలో మెయిన్ బోర్డు మార్చకుండా ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించే దారి ఏదైనా మీలో ఎవరికైనా పనిచేసిందా?