బత్తాయి వ్యాపారానికి వెబ్ అడ్రస్, ఫోన్ నంబర్ ఎట్లా ఎంచుకోవాలి?

తోటవాడు: అన్నలూ, మాది నల్లగొండ దగ్గర బత్తాయి తోట. దళారీ లేకుండా హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు నేరుగా పంపాలని ఉంది. వెబ్ అడ్రస్‌లో 'బత్తాయి' పెడదామంటే ఇంగ్లీషులో ఒకరు ఒక టీ, ఇంకొకరు రెండు టీలు, మధ్యలో హెచ్, తలా ఒక తీరు రాస్తున్నారు. ఫ్యాన్సీ నంబర్‌కు పైసలు పెట్టాలా?

గడియారం సెంటర్: తమ్ముడూ, అడ్రస్‌ను మీ బావకు ఫోన్‌లో ఒక్కసారి చెప్పు, స్పెల్లింగ్ అడగకుండా టైప్ చేస్తే అదే నీది. మధ్యలో గీత వద్దు, 'అడ్డగీతనా, కింద గీతనా' అని ప్రాణం తీస్తారు. డాట్ కామ్ దొరక్కపోతే డాట్ ఇన్ చాలు. వీలైతే రెండు స్పెల్లింగులూ కొని ఒకదాన్ని ఇంకోదానికి మళ్లించు.

పాలమూరోడు: అన్నిటికన్నా ముందు అడ్రస్ నీ పేరున, నీ ఈమెయిల్‌తో రిజిస్టర్ చెయ్యి. మా షాపుది వెబ్‌సైట్ చేసినాయన తన పేరున పెట్టుకున్నాడు, రెన్యువల్ టైంకు ఆయన ఫోన్ ఎత్తలేదు, అడ్రస్ పోయింది, అచ్చేసిన 2000 సంచులు ఇంకా గోదాంలోనే ఉన్నాయి. నంబర్‌కు ఎక్కువ పెట్టకు. చివరి నాలుగంకెలు 4545 లాగ జంటగా ఉంటే చాలు. నెట్‌వర్క్ నచ్చకపోతే పోర్ట్ చేసుకో, నంబర్ మారదు, 2011 నుంచి దేశమంతా ఉన్నదే. రీచార్జ్ మాత్రం మరవకు, చాన్నాళ్లు వదిలేస్తే ఆ నంబర్ ఇంకొకరికి ఇచ్చేస్తారు.

తోటవాడు: బావకు చెప్పి చూసినా. మూడుసార్లు తప్పు కొట్టాడు. 'బత్తాయి' తీసేస్తున్నా.