మెరీనా బే శాండ్స్‌లో ఒక్క రాత్రి: పెద్దవాళ్ళతో, పిల్లలతో దిగవచ్చా?

పటమట కోడలు:

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవులకు ఆరుగురం సింగపూర్ వెళ్తున్నాం: నేను, మా వారు, అత్తయ్య, మామయ్య, పదకొండేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప. మూడు రాత్రులకు లిటిల్ ఇండియాలో గదులు తీసుకున్నాం. నాలుగో రాత్రి మెరీనా బే శాండ్స్‌లోనే ఉండాలని పిల్లల పట్టు. మూడు టవర్ల నెత్తిన పడవ పెట్టినట్టుండే ఆ భవనం బొమ్మను బాబు నోటు పుస్తకం అట్టకు అంటించుకుని తిరుగుతున్నాడు.

చిక్కల్లా మామయ్యతోనే. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అక్కడ క్యాసినో ఉందని ఎవరో ఆయన చెవిన వేశారు. "ధర్మరాజంతటివాడే ఆ ఆటకు కూర్చుని లేవలేకపోయాడు. ఆ కప్పు కింద నా మనవలు పడుకోవాలా?" అంటున్నారు. గదికి వెళ్ళాలంటే క్యాసినో మధ్య నుంచి నడవాలా? ఇంకొకటి, పై అంతస్తుకు టికెట్టు కొంటే చాలు, ఈతకొలనులోకి కూడా వెళ్ళవచ్చు, గది అక్కర్లేదు అని ఇక్కడి ఏజెంటు చెబుతున్నాడు. నిజమేనా? అత్తయ్య ఉల్లి, వెల్లుల్లి తినరు. భోజనం సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

సైనిక్‌పురి నానమ్మ:

అమ్మాయీ, ముందు ఆ ఏజెంటు మాట పక్కన పెట్టు. మొదటిసారి వెళ్ళినప్పుడు మాకూ ఒకడు ఇదే చెప్పాడు. 57వ అంతస్తులో ఒక చివర నిలబడి ఊరు చూడటానికి టికెట్టు అమ్ముతారు. ఈతకొలను మాత్రం గదుల్లో దిగినవాళ్ళకే. గది కార్డు లేనిదే అటు వెళ్ళనివ్వరు. మా మనవడు లాగు కింద ఈత చెడ్డీ తొడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని మరీ వచ్చాడు. వాడు అక్కడ ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తిరిగొచ్చి ఏజెంటును నిలదీస్తే, "పైకి వెళ్ళారా లేదా?" అన్నాడు.

రెండోసారి మా అబ్బాయి పంతానికి గది తీసుకున్నాడు. క్యాసినో ఆ టవర్లలో లేదమ్మా, రోడ్డుకు అవతల దుకాణాల వైపు ఉంది. దానికి గేట్లు వేరు, తనిఖీ వేరు, 21 ఏళ్ళు నిండనిదే లోపలికి రానివ్వరు. ఉన్నంతసేపూ నాకు పేకముక్క కూడా కనబడలేదు. పిల్లలకు ఆ దుకాణాల మధ్య చిన్న కాలువ, అందులో పడవలు ఉన్నాయి. వాళ్ళ కళ్ళన్నీ అటే.

ఇక ఆ కొలను. 150 మీటర్ల పొడవు. సింగపూర్‌లో ఏడింటికి గానీ తెల్లవారదు కాబట్టి మేము చీకటితోనే వెళ్ళాం. అవతలి గట్టు కనబడదు, నీళ్ళు నేరుగా ఊరి మీదికి పొర్లిపోతున్నట్టే ఉంటుంది. మనవడు అటు ఈదుతుంటే నా కాళ్ళు వణికాయి. మా వారు మెల్లగా నీళ్ళలో నడుచుకుంటూ అంచు దాకా వెళ్ళి, అవతలికి తొంగిచూసి, "ఒసేయ్, కింద ఇంకో తొట్టి ఉందే! పొర్లిన నీళ్ళన్నీ అందులో పడుతున్నాయి. మన పెరట్లో బిందె కింద గోలెం పెట్టినట్టే" అని అరిచారు. ఆ తర్వాతే నేను కుర్చీలో వెనక్కి వాలాను. చీరతో దిగడం కుదరదు, ఈత దుస్తులే వేసుకోవాలి. మీ అత్తగారికి ముందే చెప్పు.

మధ్యాహ్నం మూడింటికి గది ఇస్తారు, మర్నాడు పదకొండుకు ఖాళీ చేయాలి. ఇరవై గంటల కాపురం. ఆ కాస్త సమయంలో ఇంకెక్కడికో ఊరేగకండి. హోటల్ నుంచే గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటకు వంతెన ఉంది. రాత్రి 7.45కు అక్కడ సూపర్‌ట్రీలనే చెట్ల ఆకారపు ఎత్తైన కట్టడాల మీద దీపాల ఆట. అది చూసి నింపాదిగా వెనక్కి నడిస్తే తొమ్మిదింటికి నీటి ఒడ్డున స్పెక్ట్రా అనే నీళ్ళ, దీపాల ప్రదర్శన. రెండూ ఉచితమే.

రూపాయి లెక్క:

నానమ్మగారి ముచ్చట బాగుంది కానీ ఖర్చు ఎవరూ చెప్పడం లేదు. ఆరుగురంటే రెండు గదులు తప్పవు. సింగపూర్‌లో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనబడితే దాని మీద 10 శాతం సర్వీసు చార్జీ, ఆ మొత్తం మీద మళ్ళీ 9 శాతం పన్ను అని అర్థం. అయినా, ఆ భవనంలో దిగితే ఆ భవనం కనబడదు కదండీ! మెర్లయన్ (సింహం తల, చేప ఒళ్ళు ఉన్న విగ్రహం) దగ్గర మెట్ల మీద కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా మొత్తం కనబడుతుంది.

సైనిక్‌పురి నానమ్మ:

నాయనా, మా మనవడికి కావలసింది భవనం కాదు, నీళ్ళు.

సెరంగూన్ వాసి:

పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. మాస్టారుగారికి ఈ సంగతి చెప్పి చూడండి. విదేశీయులు పాస్‌పోర్టు చూపిస్తే క్యాసినోలోకి ఉచితంగా వెళ్ళవచ్చు. ఈ దేశ పౌరులు, నాలాంటి శాశ్వత నివాసులు మాత్రం 24 గంటలకు 150 సింగపూర్ డాలర్లు కట్టాలి. 2019కి ముందు అది 100 ఉండేది. ఆట మరిగినవాడిని లోపలికి రానివ్వవద్దని ఇంట్లోవాళ్ళు దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా ఉంది. తన ప్రజలు అటు వెళ్ళకూడదనే ప్రభుత్వం ఇన్ని కట్టుబాట్లు పెట్టింది.

భోజనానికి దిగులు వద్దు. హోటల్ కిందే బేఫ్రంట్ మెట్రో ఉంది. నీలం రంగు లైను ఎక్కితే నాలుగో స్టేషను లిటిల్ ఇండియా. సెరంగూన్ రోడ్డు మీద కోమల విలాస్ 1947 నుంచీ ఉంది, పూర్తి శాకాహారం. శాకాహారమే అయినా సాంబారులో ఉల్లి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ అడగాలి. అత్తయ్యగారికి పెరుగన్నం అన్నిటికన్నా క్షేమం. అదే రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి కూడా చూపించండి.

పటమట కోడలు:

వెళ్ళి వచ్చాం. అందరికీ కృతజ్ఞతలు. రూపాయి లెక్క గారూ, రెండు గదులే తీసుకున్నాం, బిల్లు మా వారు ఇంకా మామయ్యకు చూపించలేదు.

150 డాలర్ల సంగతి చెప్పగానే మామయ్య మెత్తబడ్డారు. "సొంతవాళ్ళకు సుంకం, పైవాళ్ళకు ఉచితం. లెక్క తిరగేసి వేశారే!" అని విమానంలో పక్క సీటాయనకు కూడా వివరించారు. తెల్లవారుజామున కొలను దగ్గర అత్తయ్య చీర కొంగు తలకు చుట్టుకుని కుర్చీలో కూర్చుంటే, ఆయన కొత్త ఈత నిక్కరు మీద పంచె కట్టుకుని వచ్చారు. పంచె విప్పి మడత పెట్టి ఆవిడ ఒళ్ళో ఉంచి, నీళ్ళలోకి దిగి, నానమ్మగారూ, మొట్టమొదట ఆ తొట్టి ఉందో లేదో చూసి వచ్చారు.

తర్వాత బాబును పిలిచి, "ఇంతకీ ఆ జూదశాల ఎక్కడరా?" అని అడిగారు. వాడు కింద కనబడే కప్పు చూపించాడు. కాసేపు చూసి, "పైనుంచి చూస్తే మన మార్కెట్ యార్డు గోడౌనులా ఉంది" అని మళ్ళీ మునిగారు.