దూరవిద్య బీఎడ్: హాజరు తప్పనిసరి అనడం టీచర్లకు మేలా, అడ్డంకా?

అడవి బడి:
అల్లూరి జిల్లాలో ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్‌ని. మాది ఏకోపాధ్యాయ పాఠశాల. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచర్) ప్రమోషన్‌కు బీఎడ్ కావాలి కదా, ఇగ్నోలో చేద్దామనుకుంటున్నాను. కోర్సు 2 ఏళ్లు, తీరిక లేకపోతే 5 ఏళ్ల దాకా గడువుంది. పుస్తకాలు ఇంగ్లిష్, హిందీల్లోనే, అది ఎలాగో నెట్టుకొస్తాను. కానీ 12 రోజుల చొప్పున రెండు వర్క్‌షాపులకు హాజరు తప్పదట. నేను వెళ్తే బడికి తాళమే. దూరవిద్య అని పేరు పెట్టి మళ్లీ హాజరు అడగడం ఏం న్యాయం?

లెక్కల మాస్టారు:
నేను ఒప్పుకోను తమ్ముడూ. హాజరు తీసేస్తే మిగిలేది జెరాక్స్ షాపు చదువే. స్టడీ సెంటర్ పక్కన రెడీమేడ్ అసైన్‌మెంట్లు అమ్మడం అందరం చూసిందే. మా బ్యాచ్‌లో ఒక కాపీలో మనస్తత్వ శాస్త్రవేత్త 'పియాజే' పేరు బదులు 'పియాజా' అని పడితే సగం మంది అలాగే దించేశారు. అదే పని పిల్లలు చేసి ఉంటే ఒకప్పుడు గోడకుర్చీ వేయించేవాళ్లం! వర్క్‌షాప్‌లో పాఠం చెప్తుంటే తోటి టీచరొకాయన "సార్, బోర్డుకే చెప్తున్నారు, ఇటు తిరగండి" అన్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ మాట నాకెవరూ చెప్పలేదు. పైగా అక్కడ కలిసినవాళ్లే తర్వాత పరీక్ష ఫీజు గడువు గుర్తుచేశారు. నేను చూసినంతలో మధ్యలో వదిలేసింది ఒంటరిగా చదివినవాళ్లే.

మూడో పీరియడ్:
ఇంట్లో పని చేసిపెట్టేవాళ్లుంటే మీ మాట నిజమే మాస్టారూ. మాకు ఆదివారమంటే వారం బట్టలు, ఇడ్లీ పిండి, పైగా చుట్టాలు. నేను పీజీ దూరవిద్యలోనే చేశాను, ఆదివారం తరగతులకు సగం కూడా వెళ్లలేదు. రాత్రి గిన్నెలు కడిగాక కూర్చుని చదివి గట్టెక్కాను. హాజరు పట్టింపు ఉండి ఉంటే మొదటి నెలలోనే మానేసేదాన్ని. నన్ను నిజంగా ఏడిపించింది వేరే. పరీక్షలన్నీ పాసయ్యాను, అసైన్‌మెంట్ మార్కులు మాత్రం ఆన్‌లైన్‌లో ఎక్కలేదు. సెంటర్ వాళ్లు పంపేశామంటారు, పైవాళ్లు అందలేదంటారు. రసీదు దాచుకున్నాను కాబట్టి బతికిపోయాను. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ వద్దులెండి.

ప్రైవేట్ టీచర్:
2017లో చట్టం సవరించి, శిక్షణ లేని టీచర్లంతా 2019 మార్చి 31లోగా అర్హత సంపాదించాలన్నారు, గుర్తుందా? అప్పుడు ఎన్‌ఐఓఎస్‌లో (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) డీఎల్ఈడీ, అంటే ప్రాథమిక టీచర్ల శిక్షణ డిప్లొమా చేశాను. టీవీలో స్వయంప్రభ పాఠాలు చూసింది తక్కువే. ఉద్యోగం పోతుందన్న టెన్షనే చదివించింది. మీకు సెలవులైనా ఉన్నాయి, మాకు పరీక్ష రోజు కూడా జీతం కోసేవారు.

లెక్కల మాస్టారు:
మేడమ్, పీజీ వేరు, బీఎడ్ వేరు. చరిత్ర పుస్తకం ఇంట్లో చదువుకోవచ్చు. క్లాసును అదుపులో పెట్టడం పుస్తకంలో దొరకదు.

మూడో పీరియడ్:
ఈ బీఎడ్‌లో చేరేదే శిక్షణ పొంది బడిలో పనిచేస్తున్నవాళ్లు కదా సార్. ఐదు తరగతుల పిల్లల్ని ఒక్కడే చూసుకుంటున్న ఈ తమ్ముడికి క్లాసు అదుపు ఎవరు నేర్పుతారట?

సర్వీస్ బుక్:
మీ వాదన కానివ్వండి. తమ్ముడూ, ముందు డిపార్ట్‌మెంట్ అనుమతి కాగితం చేతిలో పెట్టుకో. అది లేకుండా చేరితే రేపు ఎస్సార్‌లో (సర్వీస్ రిజిస్టర్) డిగ్రీ ఎక్కించేటప్పుడు పేచీ పెడతారు. వర్క్‌షాప్ తేదీలు రాగానే నీ బదులు సీఆర్‌ఎంటీని (బడులకు సర్దుబాటుగా పంపే క్లస్టర్ టీచర్) వేయమని ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి రాసివ్వు, నోటిమాటతో సరిపెట్టకు. ఉన్న 15 సీఎల్‌లు (క్యాజువల్ లీవులు), 7 స్పెషల్ సీఎల్‌లు అక్కడే ఊడ్చేస్తే పరీక్షలకు ఏమీ మిగలవు. అందరూ 12 రోజుల గురించే కొట్టుకుంటున్నారు, ఇంటర్న్‌షిప్ 16 వారాల మాట ఎవరూ ఎత్తరేం? బీఎడ్ అంటే హైస్కూలు పాఠాలు. ఏ హైస్కూల్లో చెప్పనిస్తారో తేల్చుకున్నాకే ఫీజు కట్టు.

అడవి బడి:
16 వారాలు అనగానే గుండె జారింది సార్. మాకు దగ్గరి హైస్కూలు ఘాట్ దిగాక గానీ లేదు. అనుమతికి దరఖాస్తు మాత్రం ఈ వారమే పెడతాను. సీఆర్‌ఎంటీలు మా మండలంలో ఇప్పటికే వేరే బడుల్లో ఇరుక్కుపోయారు. లెక్కల మాస్టారూ, హాజరు ఉండాల్సిందే అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఆ పన్నెండు రోజులు మా పిల్లలకు పాఠం ఎవరు చెప్పాలి?