పిన్ షూటింగ్ మ్యాచ్ పెట్టుకోవాలంటే ఎలా?

ట్రాయ్ నుంచి (కొత్త):
అందరికీ నమస్కారం. హెచ్1బీ మీద మిషిగన్ వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసువాళ్లు బౌలింగ్ పిన్ షూటింగ్ చూపించారు, అంటే బల్ల మీద నిలబెట్టిన బౌలింగ్ పిన్నుల్ని తుపాకీతో కాల్చి కింద పడేసే ఆట. మనవాళ్లం పదిమందిమి అలాంటి మ్యాచ్ పెట్టుకోవాలంటే బల్ల, పిన్నులు ఎలా సమకూర్చుకోవాలి?

నోవై నుంచి:
బల్ల సంగతి తర్వాత తమ్ముడూ, నువ్వు తుపాకీ ముట్టుకున్నావా? హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు. అది ఫెడరల్ చట్టం. తుపాకీ కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అంతే. గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు. గ్రీన్ కార్డుకు ఈ అడ్డు లేదు. నేనూ కొత్తలో ఒక రేంజ్‌కి వెళ్లి, ఫారం చదవకుండా సంతకం పెట్టాను. కౌంటర్లో ఆయన నా పాస్‌పోర్టు తిరగేసి, అందరి ముందూ అరగంట నిలబెట్టి, కట్టిన డబ్బులు తిరిగివ్వకుండా పంపేశాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. వీసా స్టాంపింగ్‌లో అడుగుతారేమోనని ఏడాదంతా టెన్షనే.

గ్రాండ్ రాపిడ్స్ నుంచి:
అతను అడిగింది బల్ల గురించి కదండీ. ఈ ఆట మన రాష్ట్రంలోనే పుట్టింది. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలు తయారుచేసే కంపెనీ పెట్టిన రిచర్డ్ డేవిస్ 1975లో సెంట్రల్ లేక్‌లో మొదలుపెట్టాడు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బల్ల, 25 అడుగుల దూరం, ఐదు పిన్నులు. ఐదూ నేల మీద పడితేనే టైమ్ ఆగుతుంది. అరిగిన పిన్నులు బౌలింగ్ వాళ్లనడిగితే ఇస్తారు. బల్ల ముందు అంచుకి అడుగు లోపల నిలబెట్టాలి.

కాంటన్ నుంచి:
తక్కువ బలంతో తగిలే 9 ఎం.ఎం. తూటా వాడేవాళ్లకి కూడా అడుగేనా? వెనక అంచుకి జరపాలి.

గ్రాండ్ రాపిడ్స్ నుంచి:
అందరికీ ఒకే చోటుంటేనే పోటీ. మూడున్నర పౌండ్ల పిన్ను, బొడ్డు దగ్గర సరిగ్గా తగిలితే పోతుంది.

కాంటన్ నుంచి:
సరిగ్గా తగలకపోతే? పక్కకి తగిలి పడుకుంటుంది, బల్ల మీదే గుండ్రంగా తిరుగుతుంది. పడుకున్నదాన్ని తొయ్యడానికి ఇంకో మూడు తూటాలు. కొత్తవాళ్లు అక్కడే విసిగిపోతారు.

నోవై నుంచి:
ఆ గొడవ మీరు తర్వాత తేల్చుకోండి. తమ్ముడూ, తుపాకులన్నీ ఖాళీ చేసి కింద పెట్టారని కాల్పుల్ని దగ్గరుండి చూసుకునే రేంజ్ ఆఫీసర్ చెప్పాకే పిన్నులు సర్దడానికి కదలాలి. టైమ్ రాసేవాళ్లక్కూడా కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు తప్పవు. అంతవరకు నువ్వు చెయ్యొచ్చు.

ట్రాయ్ నుంచి:
ముట్టుకోలేదన్నా, చూశానంతే. మొదటి మ్యాచ్‌కి టైమర్ నేను పట్టుకుంటా.